మంచు మీద పాలసీ

నేను చేసే ఉద్యోగం ఏంటో మా అమ్మకి ఎన్నిసార్లు చెప్పినా చివరికి "అంటే, ఇన్సూరెన్స్ అమ్ముతావు, అంతేగా?" అంటుంది. కాదమ్మా! అమ్మేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళు బ్రోకర్లు. పాలసీలిచ్చే కంపెనీలు వేరే ఉన్నాయి, అవి ఎక్కడో అద్దాల మేడల్లో ఉంటాయి. మధ్యలో మేముంటాం. "అయితే బ్రోకర్లకి బ్రోకరువా?" అంది మా అమ్మ. నిజం చెప్పాలంటే ఇంత తేలిగ్గా నేనెప్పుడూ చెప్పలేకపోయా.

మాలాంటి ఆఫీసుని బ్రోకరేజ్ జనరల్ ఏజెన్సీ అంటారు. పేరు వింటే ఏదో మిలిటరీ వ్యవహారంలా ఉంటుంది గానీ మేముండేది యాపిల్‌టన్ అనే ఊళ్ళో, ఇటు బౌలింగ్ ఆడే హాలు, అటు కుక్కలకి క్షవరం చేసే షాపు. ఎవరైనా ఫోన్ చేస్తే వెనకాల ఒక కుక్క ఏడుపు గ్యారంటీ. మా పనేంటంటే, పెళ్ళిళ్ళ పేరయ్యలుంటారు కదా, వాళ్ళకి ఏ ఇంట్లో ఏ పట్టింపులున్నాయో చెప్పే పెద్ద పేరయ్యలం మేము. ఒక కంపెనీకి షుగరున్నవాళ్ళంటే ముద్దు. ఇంకోదానికి చిన్న విమానాలు నడిపేవాళ్ళంటే భయం. ఒకటి చుట్టలకి ఊరుకుంటుంది, సిగరెట్‌కి మండిపడుతుంది. ఊళ్ళో కూర్చున్న బ్రోకరుకి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? మాకు తెలుస్తాయి. రక్తం తీసే నర్సుని ఇంటికి పంపేది మేమే, డాక్టర్ల వెంటపడి పాత రిపోర్టులు తెప్పించేది మేమే, చివరికి అండర్‌రైటర్ దగ్గర బతిమాలుకునేదీ మేమే. ఈ అండర్‌రైటర్ అనేవాడు ఎవరి ప్రాణానికి ఎంత రేటో, అసలు తీసుకోవాలో వద్దో తేల్చే మనిషి. కంపెనీకి ఒకడుంటాడు, దేవుడికి ఒక మెట్టు కింద.

"మేము" అంటున్నాను గానీ, ఇందులో తెలిసింది మా బాస్ గోర్డీ లెమ్కెకి. నాకు తెలిసింది ఉత్సాహం. మిల్వాకీలో కాలేజీలో నేను చదివింది కథలు రాయడం, దానికి ఉద్యోగాలుండవని నాకు కాలేజీ అయిపోయాక ఎవరో చెప్పారు.

జనవరిలో ఒకరోజు మధ్యాహ్నం గోర్డీ భోజనానికెళ్ళాడు, ఫోన్ మోగింది.

"ఏం పిల్లా, గోర్డీ లేడా?" డ్వేన్ ప్రిట్జెల్ అనే బ్రోకరు. విన్నెబేగో సరస్సు అవతలి ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో ఉంటాడు, ఆ ఊళ్ళో ట్రాక్టర్ల దగ్గర్నుంచి తాతల దాకా అందరి ఇన్సూరెన్సూ ఆయనే.

"లేరండీ, నేను బ్రెన్నాని, కొత్తగా చేరా. నాకు చెప్పండి, నేను చూసుకుంటా!"

ఈ "నేను చూసుకుంటా" అన్న మాట నా నోట్లోంచి వచ్చినప్పుడల్లా తర్వాత ఎవరో ఒకరు నన్ను చూసుకోవాల్సొస్తుంది.

విషయం ఇది. ఆ ఊళ్ళో సరస్సు ఒడ్డున 'వంకర బల్లెం' అని ఒక బార్ ఉంది. దాని ఓనరు డెల్ఫీన్, పెద్దావిడ, ఇక చాలు అమ్మేస్తానంది. షికాగో నుంచి ఒకాయన వచ్చి పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడతానన్నాడు. అక్కడ పద్దెనిమిదేళ్ళుగా మందు పోసేవాడూ వడ్డించేవాడూ తాగినవాళ్ళని ఇంటికి దింపేవాడూ అయిన నార్బ్ హోల్జ్ నేను కొంటానన్నాడు. డెల్ఫీన్ ఒక గడువు పెట్టింది. స్టర్జన్ అనే పెద్ద చేపల్ని బల్లెంతో వేటాడే సీజన్ మొదలయ్యే శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపల బ్యాంకు సరేనంటే బార్ నార్బ్‌ది, లేదంటే షికాగో ఆయనది. బ్యాంకు సరేనంది, ఒక్క షరతుతో. నార్బ్ పేరు మీద జీవిత బీమా ఉండాలి. రేపు నార్బ్ పోతే అప్పు ఎవడు కడతాడు?

"మనిషి ఎలా ఉంటాడండీ?" అన్నా.

"యాభై ఆరు. బీపీ చూస్తే బడికెళ్ళే పిల్లాడిదనుకుంటావ్. ఇంత సులువైన కేసు నీకు జన్మలో రాదు పిల్లా."

నేను ఊరుకోవచ్చుగా? కాగితాలు తెప్పించుకుని పంపొచ్చుగా? ఊహూఁ. శుక్రవారం సాయంత్రం కారేసుకుని వెళ్ళిపోయా, మనిషిని స్వయంగా చూద్దామని. వేయించిన చేపల వాసన, బ్రాందీ గ్లాసులు, ఒక మూల పేకాట, గోడల నిండా స్టర్జన్ చేపల ఫోటోలు, ఒక్కొక్కటీ పక్కన నిలబడ్డ మనిషికంటే పొడుగు. కౌంటరు మీద తాడుతో కట్టేసిన ఒక పెన్ను.

"అదేంటండీ, పెన్నుని కట్టేశారు?" అన్నా.

"చేపల పెన్ను. పొడిచిన ప్రతి స్టర్జన్నీ ఇక్కడికే తెచ్చి లెక్క రాయించాలి, ప్రభుత్వం వాళ్ళొచ్చి కొలుస్తారు. చేప తెచ్చినవాడు ఆ పెన్నుతో సంతకం పెడతాడు. ఇంకెవరూ ముట్టుకోకూడదు" అన్నాడు కౌంటరు వెనకనుంచి నార్బ్. "పోలీసాయన బిల్లు మీద సంతకానికి అడిగినా ఇవ్వలా నేను."

"మీరెన్నిసార్లు పెట్టారు?"

పేకాట ఆగిపోయింది. మూలనుంచి ఎవరో "ఒరేయ్ నార్బ్, అమ్మాయి అడుగుతోంది, చెప్పరా!" అన్నారు, అందరూ పడీపడీ నవ్వారు.

ఒక్కసారి కూడా లేదు. పద్దెనిమిది సీజన్లు గడ్డకట్టిన సరస్సు మీద, చీకటి గుడిసెలో, ఐసుకి కోసిన రంధ్రంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఒక్క స్టర్జన్ కూడా ఆ దారిన పోలేదు.

"పట్టడమే కాదు, చూడను కూడా చూళ్ళేదు వీడు" అన్నాడు పేకాటలో కూర్చున్న డ్వేన్. "కానీ ట్రక్కుని మాత్రం రెండుసార్లు చేపలకి చూపించాడు."

అంటే గడ్డకట్టిన సరస్సు మీద నడుపుతుంటే ఐసు విరిగి ట్రక్కు నీళ్ళలోకి పోయిందన్నమాట. రెండుసార్లు. ఆ ఒడ్డున ఇది పెళ్ళి కథ చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు, ట్రక్కు మునగనివాడికి పిల్లనివ్వరేమో అనిపిస్తుంది. నార్బ్ రెండోసారి ఈదుకుంటూ బయటికొచ్చి, గడ్డం మీద ఐసుతోనే నడిచొచ్చి, కౌంటరెక్కి ఆ రాత్రంతా డ్యూటీ చేశాడట. నా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఇదీ కథంటే! కాలేజీలో మూడేళ్ళు ఏం రాయాలో తెలీక పిల్లి చచ్చిపోవడం గురించి రాశాను నేను!

ఆఫీసుకొచ్చి అండర్‌రైటర్‌కి పరిచయ ఉత్తరం రాశా. ఇది కూడా మా పనే, మా మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం. గోర్డీవి నాలుగు లైన్లుంటాయి. నాది రెండు పేజీలు. అందులో ఒక వాక్యం ఇంకా నోటికొచ్చు: "రెండుసార్లు ఆ మంచు సరస్సు ఆయన్ని మింగింది, రెండుసార్లూ అరిగించుకోలేక కక్కేసింది." ఏడుపొచ్చింది నాకే. ప్రింట్ తీసి మా ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించుకున్నా.

పంపింది ఎక్కడికో తెలుసా? ఆరిజోనాలో ఎడారి మధ్యనున్న కంపెనీకి. వాళ్ళ రేటు తక్కువ కదా అని.

మూడోరోజు జవాబొచ్చింది. తిరస్కరించారు. ఫోన్ చేస్తే ట్రెంట్ అనే అండర్‌రైటర్ చాలా మర్యాదగా మాట్లాడాడు. "మేడమ్, ఉత్తరం మా ఆఫీసులో అందరం చదివాం. చాలా బావుంది. ఈ మనిషి రెండుసార్లు మునిగాడు. మూడోదానికి మా డబ్బు పెట్టలేం."

"అయ్యో, అలా కాదండీ, ఇక్కడ అందరూ మునుగుతారు!"

"అందరూనా?" అన్నాడు. తర్వాత మా ఊరి పిన్‌కోడ్ అడిగాడు. ఊరందరికీ కలిపి పాలసీలు ఆపడానికని నాకు అప్పుడర్థం కాలేదు.

గోర్డీ ఉత్తరం రెండు పేజీలూ చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఇది సిఫారసు కాదు. సంతాపసభలో చదివేది."

"సారీ గోర్డీ."

"పేరుతోనే అప్లికేషన్ పంపేశావా? ముందు పేరు చెప్పకుండా నాలుగు చోట్ల వాకబు చేయలేదా?"

"అలా చెయ్యాలా?"

"సంబంధం అడక్కముందే శుభలేఖలు వేయించావన్నమాట." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "పేరు చెప్పకుండా 'ఇలాంటి మనిషుంటే తీసుకుంటారా' అని అడిగితే కాదన్నా పోయేదేం లేదు. పేరుతో వెళ్ళి కాదనిపించుకుంటే, ఇక ప్రతి కంపెనీ మొదటి ప్రశ్నే అది. మిమ్మల్ని ఇంతకుముందు ఎవరైనా కాదన్నారా?"

"ట్రక్కు సంగతి తీసేసి ఇంకోచోటికి పంపుదామా?" అని గొణిగా. సిగ్గుగా ఉంది చెప్పాలంటే, కానీ అన్నా.

"దాస్తామా? బావుంది. రేపు నిజంగానే మూడోసారి మునిగి పోయాడనుకో, కంపెనీ తవ్వి తీస్తుంది, పైసా ఇవ్వదు, బ్యాంకు వచ్చి బార్‌కి తాళం వేస్తుంది. అతని పెళ్ళాం రోడ్డు మీద నిలబడి మనిద్దర్నీ తిడుతుంది, అదీ న్యాయమే. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కాకపోతే అర్థమయ్యేవాడికి చెప్పాలి. వెతుకు."

డ్వేన్‌కి ఫోన్ చేసి చెప్పడం నా వంతు. తిడతాడనుకున్నా. ఆయన నిట్టూర్చి, "జన్మలో రాదన్నాను కదా పిల్లా ఇంత సులువైన కేసు. వచ్చింది, పోయింది కూడా" అన్నాడు. తిట్టినా బావుండేది. నార్బ్ ఏమన్నాడని అడిగితే, బార్ గోడల మీది ఫోటోలన్నీ దించి తుడిచి మళ్ళీ పెడుతున్నాడట, ఎవరివి వాళ్ళకి తిరిగివ్వాల్సొస్తే మురికిగా ఉండకూడదని.

ఆ మాటతో నాకు అన్నం సయించలేదు. అంటే తిన్నాను, చీజ్ వేయించినవి ఒక బుట్టెడు తిన్నాను, సయించలేదంతే.

ఇక వెతకడం. ఈసారి పేరు చెప్పకుండా. టెక్సాస్ ఆవిడ "సరస్సు మీద ట్రక్కెందుకు నడపాలి? మీకు రోడ్లు లేవా?" అంది. ఫ్లోరిడా అబ్బాయి "ఐసు ఎంత మందముంటే ట్రక్కాగుతుంది?" అని ఆసక్తిగా అడిగాడు, నేను పొంగిపోయి అరగంట చెప్పా, చివరికి "థాంక్స్, మా అబ్బాయి స్కూల్ ప్రాజెక్టుకి పనికొస్తుంది, పాలసీ మాత్రం కుదరదు" అన్నాడు. బోస్టన్ వాళ్ళు నవ్వి పెట్టేశారు. పక్క షాపులో కుక్కలు నా బదులు ఏడ్చేవి.

అప్పుడు తట్టింది, ఇంత పెద్ద తెలివి నాకెలా వచ్చిందో, ఐసున్న ఊళ్ళో ఉన్న కంపెనీని అడగొచ్చు కదా అని! గోర్డీతో గర్వంగా చెప్తే ఆయన ఉన్న చోటినుంచి కదలకుండా "నేను నిన్న వెతుకు అన్నప్పుడు అదే అనుకున్నా. ఫ్లోరిడా దాకా వెళ్ళొస్తావనుకోలేదు" అన్నాడు.

మిన్నెసోటాలో డులూత్. చిన్న కంపెనీ, పాతకాలపు పద్ధతులు, ఇంగా అనే అండర్‌రైటర్, గొంతు వింటేనే స్వెట్టర్ వేసుకున్నట్టుంటుంది. ఆరిజోనా తిరస్కారం సంగతి కూడా దాచకుండా అంతా చెప్పా. ఆవిడ ముందుగా అడిగింది ఇది.

"అద్దాలు దించే ఉన్నాయా? సీటు బెల్టు తీశాడా?"

నాకు తెలీదు. నార్బ్‌ని కూడా ఫోన్‌లోకి కలిపా.

"అద్దాలు దించకుండా ఐసెక్కేవాడెవడమ్మా? మునిగితే బయటికెలా వస్తాడు?" అన్నాడు నార్బ్. "బెల్టూ లేదు, తలుపూ వారగా తీసే ఉంది. మా అమ్మ నేర్పింది."

"మా అమ్మా అదే నేర్పింది" అంది ఇంగా. "తర్వాత?"

"తర్వాత వెనక్కొచ్చి డ్యూటీ చేశా."

"అది పిచ్చిపని. డాక్టరు దగ్గరికెళ్ళాలి."

"తర్వాత వెళ్ళా. బీరు పోశాక."

"చేపలేమైనా పడ్డాయా?"

నార్బ్ తటపటాయించాడు. "లేదు."

"ఎన్నేళ్ళుగా?"

"పద్దెనిమిది."

డులూత్‌లో కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. "మీ బీపీ అంత ఎందుకు బావుందా అని చూస్తున్నా" అంది ఇంగా. "ఇప్పుడర్థమైంది. పద్దెనిమిదేళ్ళు ఒక గుంతలోకి చూస్తూ కూర్చుని కోపం తెచ్చుకోని మనిషి గుండె ఇంకో ముప్పై ఏళ్ళు ఆడుతుంది. కాస్త ఎక్కువ రేటు వేస్తా, ట్రక్కు కోసం. ఒప్పుకుంటే పంపుతా."

నేను కేక పెట్టా. అవతలి షాపులో కుక్కలన్నీ జవాబిచ్చాయి.

ఇక్కడితో కథ అయిపోవాలి. మామూలు మనుషుల ఉద్యోగాల్లో అయిపోతుంది. కానీ పాలసీ రాగానే పని అయినట్టు కాదు. బ్రోకరు దాన్ని మనిషి చేతికివ్వాలి, మొదటి వాయిదా చెక్కు తీసుకోవాలి, అప్లికేషన్ పెట్టాక ఆరోగ్యంలో మార్పేమీ రాలేదని మనిషి సంతకం చెయ్యాలి. అప్పటిదాకా అది ఉత్త కాగితం. పైగా డులూత్ వాళ్ళకి ఫోన్లో గీసే సంతకాలు పనికిరావు, సిరాతో కావాలి. ఆ కాగితం కొరియర్‌లో ఎప్పుడొచ్చింది? శుక్రవారం సాయంత్రం, ఆఫీసు మూసే వేళకి. మర్నాడే సీజన్ మొదటి రోజు. డ్వేన్ చెప్పాడు, నార్బ్ ఏమన్నాడో: "కాగితం వస్తే ఐసు మీదికి పట్రండి. రాకపోతే కనీసం ఆ రోజైనా నేను ఉండాల్సిన చోట ఉంటా."

"నేను పట్టుకొస్తా!" అన్నా. చూశారుగా. మళ్ళీ.

శనివారం పొద్దున్నే డ్వేన్ ట్రక్కెక్కా. ఐసు మీదికి దిగగానే ఆయన అద్దాలు దించాడు, బెల్టు తీశాడు, "నీ వైపు తలుపు వారగా తీసి పట్టుకో" అన్నాడు. "మంచు సరస్సు మింగింది" అని రాసిన రచయిత్రిని ఇక్కడ మీరు చూడాల్సింది. పాలసీ ఫైలుని గుండెకి హత్తుకుని, కళ్ళు మూసుకుని, కిందనుంచి ఐసు మూలిగినప్పుడల్లా "అమ్మో" అంటూ. మూలగడం మంచిదేనట. ఐసు మాట్లాడకపోతేనే భయపడాలట. కాళ్ళకేమో ఆఫీసు బూట్లు.

సరస్సు మీద ఊరు లేచింది. వందల గుడిసెలు, పొగగొట్టాలు, వేయిస్తున్న సాసేజీలు, ఎవరికి వాళ్ళు సొంత జెండాలు. నార్బ్ గుడిసె చివరాఖరున ఉంది, చేపలు రాని చోట తనకి అలవాటట. తలుపు తీసి లోపలికి లాగి మూసేశాడు. చిమ్మచీకటి, కిటికీల్లేవు. నేలలో గుమ్మమంత రంధ్రం, అందులోంచి ఆకుపచ్చ వెలుగు పైకొస్తోంది, నీళ్ళలో ఎర బొమ్మ ఒకటి తాడుకి ఊగుతోంది. పక్కన బల్లెం మేకుకి వేలాడుతోంది. గుళ్ళోకొచ్చినట్టు గొంతు తగ్గించేశా.

"వచ్చింది" అన్నాడు డ్వేన్.

నార్బ్ గడ్డం గోక్కుంటూ నా చేతిలో ఫైలుని చూశాడు. "సంతకం ఎక్కడ?" అన్నాడు చివరికి. చెక్కు ముందే రాసి జేబులో పెట్టుకున్నాడు.

మా ఏజెన్సీ పేరు అచ్చేసిన పెన్ను తీసిచ్చా. ఆ పెన్నులు ఆర్డర్ చేసింది నేనే, నీలం మీద వెండి అక్షరాలు. సంతకం పెట్టించేస్తే అయిపోయేది. రెండు క్షణాల పని. కానీ ఒకసారి ఉత్తరంతో ముంచాను కదా, ఈసారి పద్ధతిగా చేద్దామని, డ్వేన్ చదవాల్సిన కాగితం లాక్కుని, టార్చి వేసుకుని, మొదటి పేరా నుంచి చదవడం మొదలుపెట్టా. పైకి. అర్థాలతో సహా.

"పిల్లా, ఆయన ఒప్పుకుంటాడులే" అన్నాడు డ్వేన్.

"లేదండీ, తెలుసుకుని పెట్టాలి! నాలుగో పేరా ముఖ్యం. 'దరఖాస్తు చేసిన నాటి నుండి నా ఆరోగ్యంలో గాని, అలవాట్లలో గాని...'"

"ఓరి దేవుడా" అన్నాడు నార్బ్ మెల్లగా.

"అంటే అర్థమేంటంటే, మీకు గుండెనొప్పి లాంటిదేమైనా—"

"ఓరి దేవుడా!"

గాల్లో ఏదో కదిలింది, బుడుంగుమని చప్పుడైంది, నా ముఖం మీద నీళ్ళు పడ్డాయి. తలెత్తేసరికి నార్బ్ రంధ్రం అంచున వంగి, కుడిచెయ్యి బారుగా చాచి నిలబడి ఉన్నాడు. బల్లెం మేకుకే ఉంది.

"నార్బ్" అన్నాడు డ్వేన్, చాలా నెమ్మదిగా. "ఏం విసిరావురా?"

నార్బ్ తన చేతిని తనే చూసుకున్నాడు. "పెన్ను."

పద్దెనిమిదేళ్ళకి చేపొచ్చింది. చేతిలో బల్లెం ఉండాల్సిన క్షణాన నేను పెన్ను పెట్టా. డ్వేన్ ముందు ముక్కుతో నవ్వాడు, తర్వాత పొట్ట పట్టుకుని కూర్చుండిపోయాడు, అంతలో వాచీ చూసుకుని నవ్వు ఆపేశాడు. "పదకొండున్నరైంది. ఇంకో పెన్నుందా పిల్లా?"

ఉన్నాయి! ట్రక్కు అద్దం ముందు డబ్బాడు పెట్టా. అద్దాలు దించి వచ్చాం కదా, అన్నీ గడ్డకట్టాయి. ఊదాం, చంకల్లో పెట్టుకున్నాం, ఒకదాన్ని డ్వేన్ నోట్లో పెట్టుకున్నాడు. కాగితం మీద గీతే తప్ప సిరా లేదు. పక్క గుడిసెలకి పరిగెత్తా, తలుపు తీసిన ప్రతివాడూ "వెలుగు! వెలుగు! తలుపు మూయ్!" అని అరిచాడు. సాసేజీలు, బ్రాందీ, పేకముక్కలు, మేకులు, సుత్తి, అన్నీ ఉన్నాయి ఆ సరస్సు మీద. సంతకం పెట్టాల్సిన అవసరం మాత్రం ఎవరికీ లేదు.

"ఒడ్డుకెళ్దాం. బార్‌లో ఉందిగా" అన్నాడు డ్వేన్.

నార్బ్ ట్రక్కులో కూర్చున్నవాడు కాస్తా బిగుసుకుపోయాడు. "ఆ పెన్నా? చేప లేకుండానా? నేను ముట్టుకోను."

"ఒరేయ్, బార్ పోతుంది!"

"పోలీసాయనకే ఇవ్వలేదు నేను. ఇప్పుడు నాకోసం నేను తీసుకుంటే రేపు ఆ కౌంటరు వెనక ఏ ముఖం పెట్టుకుని నిలబడతా?"

నేను నోరు విప్పబోయా. డ్వేన్ నావైపు చూసిన చూపుకి మళ్ళీ మూసుకున్నా. ఈ కేసులో నేను చేసిన మొదటి మంచిపని అదే.

వంకర బల్లెం కిక్కిరిసి ఉంది. బయట ఒక స్టర్జన్‌ని తూకానికి వేలాడదీస్తున్నారు. లోపల కౌంటరు దగ్గర డెల్ఫీన్, పక్కనే తాడుకి పెన్ను. రోడ్డు అవతల బ్యాంకు, అద్దంలోంచి మేనేజరు కోటు వేసుకుని తయారుగా కనిపిస్తున్నాడు, సంతకం కాని కాగితంతో గడప తొక్కొద్దని ముందే చెప్పాడు.

"సంతకానికి పెన్ను కావాలి డెల్ఫీన్" అన్నాడు డ్వేన్.

"ఆఫీసు గదిలో వెతుక్కో."

"ఆఫీసు గదిలో పెన్నులన్నీ పేకాట వాళ్ళు ఎత్తుకుపోయారు, నీకూ తెలుసు."

డెల్ఫీన్ నార్బ్‌ని చూసింది. నార్బ్ టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు, అడగట్లేదు.

"చేపేదిరా?" అంది ఆవిడ.

"లేదు."

"చూశావా?"

"చూశా." అంతే, ఆ ఒక్కమాటకే బార్‌లో సగం మంది తిరిగారు. "ఆకుపచ్చగా, పెద్ద దుంగలా వచ్చింది డెల్ఫీన్. బొమ్మ పక్కన ఆగింది. నన్ను చూసింది."

"మరి పొడిచావా?"

నార్బ్ నావైపు చూశాడు. నేను నా బూట్లవైపు చూసుకున్నా.

"విసిరా" అన్నాడు. "పెన్ను విసిరా."

ఆ నవ్వు ఆగడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను, నాకు గడియారమొక్కటే వినిపిస్తోంది. ఎవరో బల్ల కొడుతున్నారు, ఎవరో కళ్ళు తుడుచుకుంటున్నారు. డెల్ఫీన్ మాత్రం నవ్వలేదు. చెయ్యెత్తితే అందరూ ఊరుకున్నారు.

"తగిలిందా?"

"వీపు మీద తగిలిందనుకుంటా. అలా పక్కకి తిరిగి పోయింది."

"నా బార్‌లో ఏది లెక్కో చెప్పేది నేను. ఇంకా కాసేపు నాది." ఆవిడ తాడు విప్పలేదు, పెన్నుని తాడుతో సహా కౌంటరు మీద అతని ముందుకి జరిపింది. "తగిలితే లెక్కే. పెట్టు."

నార్బ్ చొక్కాకి చెయ్యి తుడుచుకున్నాడు. రెండోసారి తుడుచుకున్నాడు. పెన్ను పట్టుకున్నాడు, పిట్టని పట్టుకున్నట్టు. తాడు పొట్టిది, కాగితాన్నే దగ్గరికి జరపాల్సొచ్చింది. డ్వేన్ పద్ధతి ప్రకారం అడిగాడు, ఒక్క ముక్కలో:

"ఆరోగ్యంలో మార్పేమైనా ఉందా?"

"లేదు" అన్నాడు నార్బ్. "చేపని చూశా, అంతే."

సంతకం పెట్టాడు. డ్వేన్ చెక్కు జేబులో పెట్టుకుని పాలసీ నార్బ్ చేతిలో పెట్టాడు. నార్బ్, కోటు కూడా లేకుండా, రోడ్డు దాటాడు. మేము కిటికీ దగ్గర గుమిగూడాం. బ్యాంకు తలుపు తెరుచుకుంది, మూసుకుంది. కాసేపటికి మేనేజరు అద్దంలోంచి డెల్ఫీన్‌కి బొటనవేలెత్తి చూపించాడు. డెల్ఫీన్ ఫోన్ తీసి షికాగో ఆయనకి రెండు ముక్కల్లో కబురు పెట్టేసింది, తర్వాత కౌంటరు ఇవతలికొచ్చి, ఇన్నేళ్ళలో మొదటిసారట, కస్టమర్లు కూర్చునే స్టూలు మీద కూర్చుంది.

"నార్బ్ వచ్చాక ఒక బ్రాందీ పొయ్యమనండి" అంది. "డబ్బులిస్తానులే."

సోమవారం ఇంగాకి అన్ని వివరాలతో మెయిల్ రాశా. రెండు పేజీలు రాసి, గోర్డీ వైపు చూసి, చెరిపేసి నాలుగు లైన్లు చేశా: పాలసీ ఇచ్చాం, చెక్కు తీసుకున్నాం, సంతకం అయింది, ఆ ముందు మీ కొత్త పాలసీదారు గుడిసెలోకి స్టర్జన్ వచ్చింది.

జవాబు నిమిషంలో వచ్చింది. ఒక్కటే ప్రశ్న.

"ఎంత పొడుగుంది?"

ఏం రాయను? ఆ గుడిసెలో ముగ్గురం ఉన్నాం. డ్వేన్ చూశాడు, నార్బ్ చూశాడు. నేనప్పుడు నాలుగో పేరా చదువుతున్నా.